డాలరు మీది దేవుడు

2025 సెప్టెంబరులో నేను టెక్సాస్‌లో మా అమ్మాయి దగ్గర వున్నాను. ఒకనాటి సాయంకాలం బడినుంచి వచ్చిన మా మనమరాలు, దానికి తొమ్మిదేళ్ళు, పుస్తకాల సంచీ సోఫామీద పారేసి, పాలయినా తాగకుండా తిన్నగా నా దగ్గరకొచ్చి, "అమ్మమ్మా! మనం బొమ్మలకు దణ్ణం పెట్టుకోవడం తప్పా?" అని అడిగింది.

"ఎవరన్నారే?" అన్నాను.

"ఎవరూ అనలేదు. గోడమీద వుంది."

సంగతేమిటంటే, దాని తరగతిలో ఒక అట్ట తగిలించారట. బైబిలులోని పది ఆజ్ఞలు పెద్ద అక్షరాలతో అచ్చువేసిన అట్ట. ఆ సంవత్సరమే టెక్సాస్ శాసనసభ ఒక చట్టం చేసింది. రాష్ట్రంలోని ప్రభుత్వ పాఠశాలల్లో ప్రతి తరగతి గదిలోనూ, అందరికీ కనబడేచోట, పది ఆజ్ఞలు వేలాడాలి. 16 అంగుళాల వెడల్పుకూ, 20 అంగుళాల ఎత్తుకూ తగ్గగూడదనీ, గదిలో ఏ మూల కూర్చున్నవారికయినా చదవడానికి వీలుగా వుండాలనీ కూడా చట్టంలోనే రాశారు. సెప్టెంబరు 1 నుంచి అమలు. అంతకు ముందేడు, 2024లో, లూయిసియానా రాష్ట్రం ఇటువంటి చట్టానికి శ్రీకారం చుట్టింది. (శ్రీకారం అన్నమాట ఇక్కడ అంత అతకదు, అయినా మరో మాట తోచలేదు.)

మా పిల్లకు కంటబడ్డ అక్షరం చదవకుండా వుండడం చేతగాదు. పంచదార పొట్లం కాగితం కూడా వదలదు. మొదటి ఆజ్ఞ, నన్ను తప్ప మరో దేవుణ్ణి కొలవగూడదని. ఆ తర్వాతది, విగ్రహాలు చేసి మొక్కగూడదని. తక్కినవి, అమ్మానాన్నలను గౌరవించడం, దొంగతనం చెయ్యకపోవడం, అబద్ధపు సాక్ష్యం చెప్పకపోవడం, ఇవన్నీ మన వీధిబడి పంతులుగారు బెత్తం పట్టుకుని చెప్పినవే. పేచీ అంతా మొదటి వాటితోనే. మా అమ్మాయి యింట్లో వంటగది పక్కన అలమరలో రాముడున్నాడు, వెంకటేశ్వరుడున్నాడు, పిల్ల తన చేత్తో పసుపుముద్దతో చేసిన వినాయకుడున్నాడు. ఆ వినాయకుడి సంగతే దాని బెంగ.

ఆ రాత్రి భోజనాల దగ్గర చిన్న సభ జరిగింది. మా అమ్మాయి బడికి ఉత్తరం రాసి తీరాలన్నది. అల్లుడుగారు వద్దన్నారు. "మనకెందుకండీ అత్తయ్యగారూ! పచ్చకార్డు కాగితాలు ఇంకా చేతికి రాలేదు. పిల్ల నాలుగు రోజుల్లో ఆ అట్టను చూడడం మానేస్తుంది" అన్నారు. ఇద్దరి మాటా సబబుగానే తోచింది నాకు. నేను పప్పులో నెయ్యి వేసుకుంటూ వూరుకున్నాను.

అయితే నాకొక సందేహం పట్టుకుంది. అమెరికా రాజ్యాంగంలో ప్రభుత్వానికి మతం లేదని గదా చిన్నప్పటినుంచీ చదువుకున్నాం? మరి ఇదేమిటి? నా చేతిసంచీలో వున్న డాలరు నోటు తీసి చూశాను. వెనకవైపు నడిమధ్యన, దేవునియందు మాకు విశ్వాసమని ఇంగ్లీషులో అచ్చొత్తి వుంది. మన రూపాయి నోటుమీద అశోకుడి సింహాలున్నాయి, గాంధీగారున్నారు. దేవుడి ప్రసక్తి లేదు. ఇన్ని గుళ్ళున్న దేశంలో నోటుమీద దేవుడు లేడు, మతం లేదన్న ప్రభుత్వం నోటుమీద దేవుడున్నాడు. ఆ తర్వాత రెండు వారాలు అల్లుడుగారి పుస్తకాలూ, వూరి గ్రంథాలయమూ గాలించి నేను తెలుసుకున్నది చెబుతాను.

అమెరికా రాజ్యాంగంలో దేవుడి పేరు ఎత్తి ఏ ఏర్పాటూ లేదు. ఏ ఉద్యోగానికైనా మతపరీక్ష పెట్టగూడదని మాత్రం వుంది. 1791లో చేసిన మొదటి సవరణ ఇంకా స్పష్టంగా చెప్పింది: కాంగ్రెసు ఏ మతాన్నీ అధికారమతంగా నిలబెట్టగూడదు, ఎవరి మతాచారానికీ అడ్డం రాగూడదు. 1802లో ప్రెసిడెంటు జెఫర్సన్ డాన్‌బరీ వూరి బాప్టిస్టులకు రాసిన ఉత్తరంలో ఆ సవరణ మతానికీ రాజ్యానికీ నడుమ ఒక గోడ కట్టిందన్నాడు. ఆ గోడ మాట ఇప్పటికీ అక్కడ ప్రతి వాదంలోనూ వినబడుతుంది. మా పిల్ల చూసిన గోడ వేరు.

డాలరుమీదికి దేవుడు ఎప్పుడొచ్చాడంటే, అంతర్యుద్ధం జరుగుతున్న రోజుల్లో. 1864లో రెండు సెంట్ల నాణెంమీద మొదటిసారి ఆ మాట ముద్రించారు. చావుబతుకుల్లో వున్నవాడికి దేవుడు గుర్తుకు రావడంలో వింతలేదు. కాని నోట్లూ నాణేలూ అన్నిటిమీదా వుండి తీరాలన్న చట్టం 1955 నాటిది. అది జాతీయ నినాదమయింది 1956లో. అంతకు కాస్త ముందు, 1954 జూన్ 14న, పిల్లలు బడిలో జెండాకు చేసే ప్రతిజ్ఞలో దేవుడి పేరు చేర్చారు. ఐసెన్‌హోవర్ ప్రెసిడెంటు. ఎదుట రష్యావాళ్ళున్నారు, వాళ్ళు దేవుడు లేడంటారు, కాబట్టి మేము వున్నాడంటాం అన్న ధోరణి. తమాషా ఏమిటంటే, ఆ ప్రతిజ్ఞను 1892లో రాసిన ఫ్రాన్సిస్ బెల్లమీ స్వయంగా బాప్టిస్టు మతబోధకుడు. ఆయన రాసినప్పుడు అందులో దేవుడు లేడు!

ఇంకొక తమాషా మన సినీమా ప్రియులకోసం చెప్పాలి. ఆ రోజుల్లోనే సిసిల్ డిమిల్ పది ఆజ్ఞలమీద బ్రహ్మాండమైన చిత్రం తీశాడు. 1956లో విడుదలయింది. అదే కాలంలో ఈగిల్స్ అనే ఒక సంఘంవారు ఊరూరా పది ఆజ్ఞల శిలాఫలకాలు ప్రతిష్ఠిస్తూ వుంటే డిమిల్ వారికి అండగా నిలిచాడు. తారలు కూడా కొన్ని ఊళ్ళలో ఆవిష్కరణకు వెళ్ళారు. దైవభక్తీ, బొమ్మకు ప్రచారమూ చేయిచేయి పట్టుకు నడిచాయన్నమాట. ఆ సంఘంవారు 1961లో ఇచ్చిన ఫలకం ఒకటి టెక్సాస్ శాసనసభ ఆవరణలోనే వుంది. దానిమీద దావా పడితే, 2005లో సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపూ నలుగురు ఒకవైపూ అయి, వుండవచ్చునంది. అదేరోజున కెంటకీలో కోర్టుగోడలమీద పెట్టిన పది ఆజ్ఞలు కూడదంది, అదీ అయిదుకు నాలుగే. మన మునసబు కోర్టుల తీర్పులు చూసి నవ్వుకునేవాళ్ళం.

బడిగోడల విషయంలో మాత్రం 1980లోనే కెంటకీ చట్టాన్ని కొట్టేశారు. 1962లో న్యూయార్కు బళ్ళలో చెప్పించే 22 మాటల ప్రార్థననూ, 1963లో బళ్ళలో బైబిలు పఠనాన్నీ చెల్లవన్నారు. అప్పుడు లేచిన గగ్గోలు ఇంతా అంతా కాదు. బడిలోంచి దేవుణ్ణి వెళ్ళగొట్టారన్న ఆ బాధ చాలామంది అమెరికా తల్లులలో నిజంగానే వుంది, వారిని వెక్కిరించడం నాకిష్టం లేదు. ఆ బాధను 1979 తర్వాత రాజకీయనాయకులు వోట్లుగా మార్చుకున్నారు, అది వేరే సంగతి. ఆపైన కోర్టులో జడ్జీలు మారారు, గాలీ మారింది. 2022లో, ఆట ముగిశాక మైదానం నడుమ మోకరిల్లి ప్రార్థన చేసుకున్న బడి ఫుట్‌బాల్ శిక్షకుడి పక్షాన తీర్పిచ్చి, 1971నుంచీ వాడుతున్న పాత కొలబద్దను పక్కన పెట్టారు. కొత్త చట్టాలకు ధైర్యం వచ్చింది అక్కడే.

టెక్సాస్ చట్టంమీద కూడా దావా పడింది. 2025 ఆగస్టులో ఫెడరల్ జడ్జి కొన్ని పాఠశాల జిల్లాలవరకు దాన్ని నిలిపేశాడు. దావా వేసిన తల్లిదండ్రుల్లో యూదులున్నారు, క్రైస్తవులే వున్నారు, ఏ మతమూ లేనివారున్నారు, హిందువులూ వున్నారు. క్రైస్తవులెందుకంటే, ఆ పది ఆజ్ఞల వరస యూదులకొకటి, కాథలిక్కులకొకటి, ప్రొటెస్టెంట్లకొకటి. ఏ పాఠం గోడకెక్కాలో శాసనసభ తేల్చడమేమిటని వారి అభ్యంతరం. మా అమ్మాయి వాళ్ళ జిల్లా ఆ జాబితాలో లేదు.

చదువుతున్నకొద్దీ నన్ను ఆశ్చర్యపరచినది ఇంకొకటి. చట్టాలిలా పెరుగుతూ వుంటే, గుడికి పోయేవాళ్ళు తగ్గిపోతున్నారు. 2007లో ప్యూ సంస్థవారు అడిగినప్పుడు నూటికి 78 మంది క్రైస్తవులమన్నారు. 2023, 24ల్లో అడిగితే 62 మందే. ఏ మతమూ లేదన్నవారు 16నుంచి 29కి పెరిగారు. ఏదో ఒక చర్చిలోనో, యూదుల ఆలయంలోనో, మసీదులోనో సభ్యులమన్నవారు 1999లో నూటికి 70 అయితే, 2020లో 47 అని గాలప్‌వారి లెక్క. పిల్లలు తమంతట తాము ప్రార్థన చేసుకునే యింట్లో గోడకు అట్ట తగిలించవలసిన అవసరం వుండదు. నాకు తోచిన కారణం ఇదే. మీకు మరొకటి తోచవచ్చు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఆ దేశపు మతంలో మంచిని చూడకపోతే కళ్ళు పోతాయి. మార్టిన్ లూథర్ కింగ్ బాప్టిస్టు మతబోధకుడు. 1955లో మాంట్‌గొమరీలో నీగ్రోలని అప్పట్లో పిలిచిన నల్లజాతివారు బస్సులెక్కడం మానేసినప్పుడు, వారి సభలు జరిగినవి చర్చీలలో. 1963లో బర్మింగ్‌హామ్‌లో చర్చిమీద బాంబు వేసి నలుగురు ఆడపిల్లల్ని చంపారంటే, ఆ చర్చికి వున్న బలం తెలిసే వేశారు. పెద్ద సంగతులెందుకు, మా అమ్మాయి పక్కింటావిడ డెబ్భయి దాటిన మనిషి. అమ్మాయికి ఆపరేషను జరిగినప్పుడు రోజుకొక వంటకం చేసి, మాంసం లేకుండా జాగ్రత్తపడి మరీ తెచ్చేది. ఆవిడ చర్చిలో శనివారాలు బీదలకు బియ్యమూ, పప్పుధాన్యాలూ పంచుతారు. అటువంటి ఆవిడే ఒకరోజు నా చేతులు పట్టుకుని, మీకోసం ఏసును ప్రార్థిస్తున్నానంది. నేను సంతోషించాను. నా కోసం ఎవరు ఎవర్ని అడిగినా మంచిదే. కాని అదే ప్రార్థన ప్రభుత్వం చేయిస్తే?

ఇక్కడ నా బాల్యంలోని సంగతొకటి దాచకుండా చెప్పాలి. మా బడిలో పొద్దున్నే సరస్వతీ ప్రార్థన వుండేది. అందరం చేతులు జోడించి నిలబడేవాళ్ళం. మా తరగతిలో ఒక క్రైస్తవుల అమ్మాయి వుండేది. అదీ చేతులు జోడించేది, పెదవులు మాత్రం కదిలేవి కావు. నేను దాని పక్కనే నిలబడేదాన్ని గనుక నాకు తెలుసు. నేనుగాని, మా పంతులమ్మగాని, ఎవరంగాని దాన్నిగురించి ఒక్కనాడు ఆలోచించలేదు. యింటికి పోయి వాళ్ళమ్మను అదేమడిగిందో? అరవయ్యేళ్ళ తర్వాత టెక్సాస్‌లో కూర్చుంటే గాని ఆ ప్రశ్న నాకు రాలేదు.

పెదవి కదపనివాళ్ళ కథ అమెరికాలో పెద్దదే. యెహోవాసాక్షులనేవారు జెండాకు వందనం చెయ్యరు, అది విగ్రహారాధన అంటారు. 1940లో సుప్రీంకోర్టు, చెయ్యవలసిందే పొమ్మంది. దాంతో ఊళ్ళలో జనం వాళ్ళమీద పడి కొట్టారు. మూడేళ్ళు తిరిగేసరికి, 1943లో, అదే కోర్టు తన తీర్పును తానే తిరగరాసి, ఎవరినీ బలవంతపెట్టగూడదన్నది. మన దేశంలో కేరళలో అదే మతంవారి పిల్లలు ముగ్గురు జనగణమన పాడకుండా గౌరవంగా నిలబడ్డారని బడిలోంచి తీసేస్తే, 1986లో మన సుప్రీంకోర్టు వాళ్ళను తిరిగి చేర్చుకోమంది. ఆ తీర్పు రాసిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డిగారు మన తెలుగువారు. ఈ సంగతి అల్లుడుగారికి చెబితే, "అయితే మనవాళ్ళే నయమన్నమాట" అన్నారు. ఆ ఒక్క కేసుకు నయమే అన్నాను.

మనవాళ్ళ ప్రసక్తి వచ్చింది గనుక, అమెరికా ప్రజాప్రతినిధుల సభలో మొట్టమొదటి హిందూ ప్రార్థన చేసిన ఆయన పేరు సముద్రాల వెంకటాచలపతిగారు. పేరే చెబుతోంది ఎవరివారో. ఒహాయోలోని పార్మా వూళ్ళో శివవిష్ణు ఆలయ అర్చకులు. 2000 సెప్టెంబరు 14న, వాజ్‌పాయిగారు ఆ సభలో మాట్లాడిన రోజే. 2007లో సెనెట్‌లో రాజన్ జెద్ అనే ఆయన చెయ్యబోతే మాత్రం, పైన గాలరీలోంచి ముగ్గురు లేచి అరిచారు. వాళ్ళను బయటకు తీసుకుపోయి, ప్రార్థన పూర్తి చేయించారు. అరిచినవాళ్ళూ వున్నారు, పూర్తి చేయించినవాళ్ళూ వున్నారు. అమెరికాను గురించి తేలిగ్గా ఒక అభిప్రాయానికి రాలేకపోవడానికి ఇటువంటివే కారణం.

ఒక ఆదివారం నన్ను షుగర్‌లాండ్ తీసుకుపోయారు. అక్కడ అష్టలక్ష్మీ ఆలయంలో 90 అడుగుల ఆంజనేయస్వామి వున్నాడు. చినజీయరుస్వామివారి సంకల్పంతో 2024 ఆగస్టులో ప్రతిష్ఠించారు. ఎండ మాడిపోతోంది. స్వామి అభయముద్రతో నిలబడి వుంటే, కింద మా పిల్ల మెడ వెనక్కి వంచి చూస్తోంది. సరిగ్గా ఆ నెలలోనే, టెక్సాస్‌నుంచి సెనెట్‌కు నిలబడదలచిన ఒక రిపబ్లికన్ అభ్యర్థి, క్రైస్తవ దేశంలో ఈ అబద్ధపు దేవుడి అబద్ధపు విగ్రహం ఎందుకుండనిస్తున్నామని నలుగురిలో రాశాడు. మాకు ఆ మాట తెలుసు. పిల్లకు తెలియదు. "అమ్మమ్మా, ఈయన మా బడి అట్టకన్నా చాలా పెద్దవాడు కదూ?" అంది.

అదే టెక్సాస్‌లో, హ్యూస్టన్ నగరంలో, 1960 సెప్టెంబరు 12న కెన్నెడీ ప్రొటెస్టెంటు బోధకుల ఎదుట నిలబడి, తాను కాథలిక్కయినా పోపు మాట విని రాజ్యం చెయ్యనని, మతానికీ రాజ్యానికీ పొత్తు లేదని సంజాయిషీ చెప్పుకున్నాడు. అరవై అయిదేళ్ళు తిరిగాక, 2025 అక్టోబరులో, మరో కాథలిక్కు, వైస్‌ప్రెసిడెంటు వాన్సు, మిసిసిపీ విశ్వవిద్యాలయంలో వేలమంది ముందు, హిందువుల యింట పెరిగిన తన భార్య కూడా ఎప్పటికైనా క్రీస్తువైపు వస్తే బాగుండునని తన ఆశ అన్నాడు. రాకపోతే అది ఆవిడ స్వేచ్ఛ అని కూడా అన్నాడు. మతం మారే ఉద్దేశం ఆవిడకు లేదని తర్వాత రాశాడు. ఆవిడ ఉష, చిలుకూరివారి ఆడపడుచు, తెలుగు దంపతుల బిడ్డ. 2014లో వారి పెళ్ళికి హిందూ పురోహితుడి ఆశీర్వచనమూ జరిగింది. యింట్లో మొగుడు పెళ్ళాన్ని ఏమి కోరుకుంటాడో మనకనవసరం. కాని ఆ మాట వేదికమీద అనవలసి వచ్చిందే, వినడానికి అన్ని వేలమంది చేరారే, అది చూసి మా అమ్మాయి టీవీ కట్టేసి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి పదకొండింటికి మంచినీళ్ళకని లేచి చూస్తే, అల్లుడుగారు బల్లముందు కూర్చుని రాసుకుంటున్నారు. "అత్తయ్యగారూ, మేము హిందువులం అన్న మాట ఉత్తరం మొదట్లో పెట్టమంటారా, చివర పెట్టమంటారా?" అని అడిగారు.

"పిల్ల పేరుతో మొదలుపెట్టు నాయనా" అన్నాను.

చిన్న ఉత్తరమే. అట్ట తియ్యమని అడగలేదు. మా అమ్మాయి విగ్రహానికి మొక్కే యింట్లో పుట్టింది, ఆ మాటకు అర్థమేమిటని అది అడిగితే టీచరుగారు ఏం చెబుతారో మాకు తెలియజేయమని అడిగారు. వారంరోజులకు జవాబు వచ్చింది. ప్రధానోపాధ్యాయురాలు మర్యాదగా రెండు ముక్కలు రాసింది, మీ లేఖను జిల్లా కార్యాలయానికి పంపామని. జిల్లా కార్యాలయంనుంచి నేను బయలుదేరే నాటికి ఏమీ రాలేదు.

నవంబరులో తిరిగి వచ్చాను. మొన్న ఫోనులో పిల్లనడిగాను, అట్ట వుందా అని. వుందట. టీచరమ్మ మాత్రం కుర్చీల వరస మార్చిందట. ఇప్పుడు దానికి ఎదురుగా గ్రహాల పటం కనబడుతుంది. అట్ట వెనక్కి పోయింది. "మరి ఇప్పుడు అది ఎవరికి ఎదురుగా వుందే?" అన్నాను. కాస్సేపు ఆలోచించి, ఒక పిల్ల పేరు చెప్పింది. ఏ దేశపు పేరో నాకు బోధపడలేదు.